గెజిట్ల వెనక మూడు రోజులు

నేను ఒక స్టాటిస్టిక్స్ పుస్తకాన్ని. ఆషామాషీ పుస్తకాన్ని కాదండోయ్, పదకొండు వందల పేజీలు, గట్టి అట్ట, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు. ఒకప్పుడు ఈ మాట చెప్పుకుని తెగ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది. ఎందుకో చెబుతాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

ఢిల్లీ దగ్గర ఒక ప్రెస్సులో పుట్టాను. నన్ను రాసిన దొరగారు ఎక్కడో చలిదేశంలో ఉంటారు. అందుకే నాలో లెక్కలన్నీ మంచు కురిసిన రోజుల గురించీ, గుర్రప్పందేల గురించీనూ. నా రెండో పేజీలో ఒక హెచ్చరిక ఉంటుంది: ఇందులోని ఏ ముక్కనీ, అనుమతి లేకుండా, ఎవరూ, ఏ రూపంలోనూ ఎత్తి రాయకూడదు. అబ్బో, దాన్ని చూసుకుని ఎంత మిడిసిపడ్డానో! మిగతా పుస్తకాలు నోట్లో వేలు పెడితే కొరకలేని పాపాయిలనీ, నేనొక్కదాన్నే మహారాణిననీ అనుకున్నాను.

అక్కడినుంచి పాలకొండ వైపు ఒక పీజీ కాలేజీకి వచ్చిపడ్డాను. లైబ్రేరియన్ బెహరా సూర్యారావు గారు నన్ను రెండు చేతులా అందుకుని, ముద్రలు గుద్ది, 'రిఫరెన్స్, ఇంటికి ఇవ్వబడదు' అని ఎర్ర సిరాతో రాశారు. ముప్ఫై ఎనిమిది మంది ఎమ్మెస్సీ విద్యార్థులకి నేనొక్కదాన్నే గతి. ఇంకో కాపీ కొనే తాహతు కాలేజీకీ లేదు, పిల్లలకీ లేదు.

ఆ పిల్లల్లో ఇద్దరు నా దగ్గరికి కలిసే వచ్చేవారు. చింతాడ ఉదయకుమారి, సవర తులసమ్మ. ఉదయకి క్లాసులో ఎప్పుడూ ఫస్టు మార్కులు. సెకండ్ వస్తుందేమోనని ఎప్పుడూ బెంగ. తులసమ్మది సీతంపేట కొండల్లో ఊరు. ఆ కొండ మీంచి ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి పిల్ల. ఇంగ్లీషు కాస్త తడబడేది గానీ, లెక్క ఒకసారి అర్థమైందంటే ఇక వదిలేది కాదు. ఒకరు చదివితే ఒకరు చేసేవారు. నా మీద వాళ్ళ తలలు రెండూ ఒకదానికొకటి తగిలేవి.

రెండో ఏడు చివరి పరీక్షలొచ్చాయి. తులసమ్మకి నా సబ్జెక్టు పేపరు అంతకుముందే ఒకసారి పోయింది. ఈసారీ పోతే హాస్టల్లో ఉండనివ్వరు, ఇంటికి పోవాల్సిందే.

ఇక్కడ మీకో విద్య గురించి చెప్పాలి. ఏ లైబ్రరీలోనైనా పీజీ పిల్లలందరికీ తెలిసిన విద్యే. పరీక్షల ముందు కావలసిన పుస్తకాన్ని దాని అరలోంచి తీసి, ఎవరూ తొంగి చూడని ఇంకో అరలో దాచేస్తారు. దొంగతనం కాదుట! పుస్తకం గుమ్మం దాటదు కదా, పాపం! ఇలా సర్దిచెప్పుకోవడంలో మనుషుల్ని మించినవాళ్ళు లేరు.

ఉదయకుమారి నన్ను పాత జిల్లా గెజిట్ల వెనక దాచింది. పరీక్షకి ఇంకా మూడు రోజులున్నాయి. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది, గెజిట్ల అర పక్కన గోడవైపు తిరిగి కూర్చుని చదువుకునేది, ఎవరైనా వస్తే మళ్ళీ లోపలికి తోసేసేది.

మొదటిరోజు తులసమ్మ వచ్చింది. "సార్, ఆ లావు పుస్తకం ఏదండీ?"

"ఇక్కడే ఉండాలమ్మా, ఏటైందో ఏటో," అన్నారు సూర్యారావు గారు. ఇద్దరూ కలిసి వెతికారు. రెండోరోజూ వెతికారు. మూడోరోజు ఆ ముసలాయన నిచ్చెనెక్కి పై అరలన్నీ దులిపారు. తులసమ్మ గెజిట్లకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూలబడింది. నాకూ ఆమెకీ మధ్య నాలుగడుగులు.

"నువ్వేమైనా చూశావా ఉదయా?" అని అడిగింది.

"లేదే. నేనూ దానికోసమే వెతుకుతున్నా," అంది ఉదయ.

నోరులేనిదాన్ని, ఏం చెయ్యగలను అని తప్పించుకోవచ్చు. కానీ నిజం చెప్పేస్తాను. ఆ మూడు రోజులూ నాకు సంతోషంగానే ఉంది. నన్ను దాచుకోవాల్సి వచ్చిందంటే నేనెంత గొప్పదాన్నో అని లోలోపల పొంగిపోయాను. ఎదురుగా ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంటుంటే నేను నా ఖరీదు చూసుకుని మురిసిపోయాను. ఛీ! ఇప్పుడు తలచుకుంటే నా పేజీలు నేనే చింపుకోవాలనిపిస్తుంది.

తులసమ్మ పరీక్ష తప్పింది. ట్రంకు పెట్టె మోసుకుని సీతంపేట బస్సెక్కేసిందని పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. ఉదయ యూనివర్సిటీ ఫస్టు. పరీక్షలయ్యాక నేను గెజిట్ల వెనక దొరికినందుకు సూర్యారావు గారికి మెమో ఇచ్చారు. ఆయన నన్ను ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, రిటైరయ్యేదాకా తాళంచెవి జంధ్యానికి కట్టుకుని తిరిగారు. ఇక నన్నెవరూ ముట్టుకోలేదు. ఏళ్ళు గడిచినా నా కాగితాలు పెళపెళలాడుతూనే ఉన్నాయి. పుస్తకానికి అంతకంటే అప్రతిష్ఠ ఏముంటుంది?

కొన్నేళ్ళకి ఉదయకుమారి అదే కాలేజీకి లెక్చరరుగా వచ్చింది. ఇనప బీరువా ముందుకొచ్చినప్పుడల్లా ముఖం పక్కకి తిప్పుకునేది, తలుపు సందులోంచి చూసేదాన్ని. ఒక వేసవిలో లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని తనే స్టాటిస్టిక్స్ పుస్తకం రాయడం మొదలుపెట్టింది. మంచూ లేదు, గుర్రాలూ లేవు. జీడిమామిడి దిగుబడి, ఆలస్యంగా వచ్చే పాలకొండ బస్సు, వంశధార వరద. తెలుగులో వివరణ, పక్కనే ఇంగ్లీషు మాట. రెండో పేజీలో ఏం రాసిందో తెలుసా? ఎవరైనా చదవచ్చు, ఎత్తి రాసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు, తప్పుంటే చెప్పండి, దిద్దుతాను. దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ వదిలేసింది.

"ఊరికే ఇస్తే ఎవరు గౌరవిస్తారమ్మా? మంచి పబ్లిషర్‌ని చూసుకోకపోయారా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"గౌరవం ఎందుకు సార్? పిల్లలు పాసైతే చాలు," అంది.

ఆ ఏడు నుంచి పిల్లలు నా బీరువాకే వీపులాన్చుకుని ఫోన్లలో ఆ పుస్తకం చదివేవారు. అరవై మంది ఒకేసారి, ఒకే పేజీ! ఒకరికోసం ఒకరు ఆగక్కర్లేదు, ఒకరినుంచి ఒకరు దాచక్కర్లేదు. ఇనప తలుపు వెనకనుంచి అది వింటూ నేను సిగ్గుతో చితికిపోయాను.

మొన్న లైబ్రరీలో పాత పుస్తకాలు ఏరేశారు. నన్నూ వరండాలో గుట్టలో పడేశారు. సరిగ్గా అప్పుడే ఒకావిడ మెట్లెక్కి వచ్చి, అక్కడే నిలబడ్డ ఉదయకుమారి ముందు ఆగింది, చేతిలో ఫోను, భుజాన సంచీ.

"మేడమ్‌గారూ, నేను ఆశ్రమ పాఠశాల టీచర్నండి. దూరవిద్యలో ఎమ్మెస్సీ మళ్ళీ కట్టాను. మీ పుస్తకమే చదువుతున్నాను. పదకొండో పాఠం చివర సూత్రం తేడాగా ఉందండి. మా పిల్లల ఎత్తులూ బరువులూ కొలిచి నాలుగుసార్లు చేశాను. పిల్లల సంఖ్యలోంచి ఒకటి కాదు, రెండు తీసేసి భాగించాలి."

ఉదయకుమారి ఫోను వైపు చూడలేదు. ఆవిడ ముఖమే చూస్తోంది. "తులసీ!" అంది.

తర్వాత గబగబా గుట్టలోంచి నన్ను లాగి, పేజీలు తిప్పి, ఆ సూత్రం దగ్గర ఆగింది. నాలోనూ రెండుకి బదులు ఒకటే ఉంది. అచ్చుతప్పు. గోడవైపు తిరిగి ఒంటరిగా బట్టీపట్టిన ఆ మూడు రోజుల్లోనే ఆ తప్పు ఆమె బుర్రకెక్కి, తన పుస్తకంలోకీ చేరింది. పక్కన తులసమ్మ కూర్చుని లెక్క చేసుంటే ఆ పూటే బయటపడేది. ఇన్నేళ్ళుగా ఎంతమందికి తప్పు నేర్పించానో! సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ మూడు రోజులూ దీన్ని దాచింది నేనే తులసీ," అంది ఉదయకుమారి. "ఎదురుగా కూర్చుని నీకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమిస్తావా?"

తులసమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. నావైపు ఒకసారి చూసింది, మళ్ళీ ఆమెవైపు చూసింది.

"అది తర్వాత సంగతి ఉదయా. ముందు ఆ లెక్క దిద్దు. రేపు పరీక్ష ఉంది, అందరూ అదే చదువుతున్నారు."

ఉదయకుమారి కళ్ళు తుడుచుకుంటూనే ఫోను తీసి దిద్దింది. నిమిషం కూడా పట్టలేదు. నాలో మాత్రం ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది.