స్తంభం వెనక సున్నా

కొరియాలోని మా జెచోన్‌లో చలి గురించి ఎవరూ కొత్తగా చెప్పుకోరు. డిసెంబరు వచ్చిందంటే ఆడవాళ్లు నడుములు పట్టుకుని నడుస్తారు, మగవాళ్లు నోళ్లు మూసుకుని నడుస్తారు. ఆ ఏడు గుమ్న్యో నడుము నవంబరులోనే పట్టేసింది. బడి వంటశాలలో ఏళ్ల తరబడి గంగాళాలెత్తిన నడుము అది. ఉద్యోగం మానేసినా ఆమె మీద కక్ష మానలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె బస్సులో మార్కెట్టుకు వెళ్తూ కిటికీలోంచి ఒక బ్యానరు చూసింది. కూడలిలో రెండు దీపస్తంభాల మధ్య కట్టి ఉంది. ఒక కొసన "ప్యో రాతి మంచాలు" అని షాపు పేరు, మధ్యలో "వెచ్చటి రాయి, హాయైన నడుము" అని ఊరింపు, రెండో కొసన మనిషెత్తు అంకెల్లో 189000.

"లక్షా ఎనభై తొమ్మిది వేల వన్లేనా?" అంది గుమ్న్యో. "మొన్న మా ఆయన కొన్న చలికోటు ఇంతకంటే ఎక్కువ కదే."

పక్కన కూర్చున్న బోక్నిమ్ ఉల్లికాడల కట్టలు ఒళ్లోంచి ఎత్తి చంకన పెట్టుకుంది. ఆమె గుమ్న్యో పక్కింట్లో ఉంటుంది. ఎక్కడికి రమ్మన్నా వస్తుంది, ఎందుకని అడగదు. ఇద్దరూ తరవాతి స్టాపులో దిగిపోయారు.

షాపు ఓనరు ప్యో సాంగ్దల్ వాళ్లని చూడగానే వంగి వంగి దణ్ణాలు పెట్టి, బార్లీ టీ ఇచ్చాడు. గుమ్న్యో వాకిట్లోకి కనిపించే మంచం దగ్గర నిలబడి రాతిపలక మీద అరచెయ్యి ఆనించింది. కింద కరెంటు వేడి రాజుతోంది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇది ఇచ్చెయ్యండి. లక్షా ఎనభై తొమ్మిది వేలు రొక్కమే ఇస్తాను."

సాంగ్దల్ నవ్వాడు. "బామ్మగారూ, పద్దెనిమిది లక్షల తొంభై వేలండీ అది."

"బామ్మ ఎవరు నీకు? బయట ఏం రాశావు?"

"అదే రాశాను. చివరి సున్నా స్తంభం వెనక్కి వెళ్లింది."

గుమ్న్యో బోక్నిమ్ వైపు చూసింది. బోక్నిమ్ ఉల్లికాడలు కింద పెట్టి, బయటికి వెళ్లి, కూడలిదాకా నడిచి, స్తంభం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చింది.

"ఉందక్కా. వెనకాల ఒక సున్నా ఉంది. పెద్దదే."

"చూశారా," అన్నాడు సాంగ్దల్.

"ఏం చూశాం? మంచం ధర తెలియాలంటే స్తంభాల చుట్టూ తిరగాలా? రేపు కిలో ముల్లంగి ధర చెట్టెక్కి చూసుకోమంటావు."

"బ్యానరు పొడుగయిపోయిందండీ. స్తంభాలు దగ్గరగా ఉన్నాయి."

"అయితే మధ్యలో కామాలేవి? కామాలుంటే సున్నా తగ్గిందని గుడ్డివాడికైనా తెలిసేది."

"కామాకి కూడా డబ్బు తీసుకుంటున్నాడండీ ప్రింటింగువాడు."

గుమ్న్యో బూట్లు విప్పి, వరసగా పెట్టి, ఆ మంచం మీద వెల్లకిలా పడుకుంది. "నువ్వు రాసిన ధరకి ఇచ్చేదాకా లేవను," అని కళ్లు మూసుకుంది. "బోక్నిమ్, నువ్వూ రా. నడుము నీకూ ఉందిగా."

సాంగ్దల్‌కి చెమటలు పట్టాయి. ఆడవాళ్లని చెయ్యి పట్టి లేపలేడు, పోలీసుల్ని పిలిస్తే బజారంతా నవ్వుతుంది. అతనికో ఉపాయం తోచింది. మంచం పక్కనున్న మీట తిప్పి వేడి బాగా పెంచాడు. కాలితే వాళ్లే లేస్తారనుకున్నాడు.

కాసేపటికి గుమ్న్యో నోట్లోంచి ఒక దీర్ఘమైన "అబ్బా" వచ్చింది. నొప్పితో వచ్చేది కాదది, పురిటి స్నానమయ్యాక వచ్చేది. బోక్నిమ్ చలికోటు విప్పి మడిచి తలకింద పెట్టుకుంది.

"ఓనరూ, కొంచెం కాళ్ల వైపు కూడా పెంచుతావా?" అంది బోక్నిమ్.

సాంగ్దల్ మండిపడి ప్లగ్గే పీకేశాడు. తీగ పట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాయి చల్లబడదే. ఓసారి వేడెక్కితే పొద్దుగుంకేదాకా ఆ వేడి నిలుస్తుందని ఊరంతా చెప్పుకుని అమ్మింది అతనే.

గుమ్న్యో పడుకునే ఫోను తీసి వినియోగదారుల సలహా కేంద్రానికి చేసింది. ఆఫీసు రెండు వీధుల అవతలే. నమ్గుంగ్ అనే సలహాదారు, కళ్లజోడు పెట్టుకున్న సన్నటి మనిషి, మంచులో తడిసిన బూట్లతో వచ్చింది. మంచం మీద ఇద్దరినీ, తీగ పట్టుకున్న ఓనరునీ చూసి, ముందు ఎవరికి నమస్కారం పెట్టాలో తేల్చుకోలేక ముగ్గురికీ కలిపి ఒకటి పెట్టింది.

అంతా విని ఆవిడ అంది, "అమ్మా, ఉన్నమాట చెప్తాను. ప్రకటనంటే కొట్టుకి రమ్మని పిలవడమే. అమ్మేశానని కాదు. ఆయన డబ్బు పుచ్చుకుని సరేనంటే అప్పుడది ఒప్పందం. అప్పటిదాకా ఆ ధరకే ఇమ్మని బలవంతపెట్టే హక్కు మీకు లేదు."

సాంగ్దల్ వెన్ను నిటారైంది. "నేనూ అదేగా మేడమ్ చెప్తున్నది. పొరపాటు."

"పొరపాటైతే సరే. బ్యానరు ఎవరు కట్టారు?"

"నేనే. నిచ్చెనేసుకుని."

"సున్నా వెనక్కి వెళ్లడం చూశారా?"

"కళ్లముందేగా వెళ్లింది."

"అవతలి కొస చుట్టొచ్చుగా మరి?"

"ఆ కొసన షాపు పేరుందండీ."

తనేమన్నాడో అన్నాక గానీ అతనికి వినపడలేదు. మంచం మీద బోక్నిమ్ చిన్నగా గురక పెట్టింది.

"తెలిసి చేస్తే దాన్ని పొరపాటనరండీ," అంది నమ్గుంగ్ మెల్లగా. "జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటన అంటారు. ఈ అమ్మకి మంచం ఇప్పించలేను గానీ, మీ బ్యానరు గురించి పైకి రాయాల్సి వస్తుంది. అదీగాక దీపస్తంభానికి కట్టడానికి నగరపాలక సంస్థ అనుమతి…"

సాంగ్దల్ చటుక్కున లేచి నిచ్చెన కోసం వెతికాడు.

నమ్గుంగ్ ఈలోగా తడి మేజోళ్లు ఆరబెట్టుకుందామని మంచం అంచున కూర్చుంది. ఒక్క నిమిషమే అనుకుంది. గుమ్న్యో జరిగి చోటిచ్చింది. నిచ్చెన భుజానేసుకుని సాంగ్దల్ వెనక్కి తిరిగేసరికి మంచం మీద ముగ్గురున్నారు.

అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. "చాలా హాయిగా ఉన్నట్టున్నారే. ఎంతండీ ఇది?"

సాంగ్దల్ నోరు తెరిచాడు. ఒక సంఖ్య చెబితే మంచం మీది ఇద్దరాడవాళ్లు ఊరుకోరు, రెండోది చెబితే తన పెళ్లాం ఊరుకోదు. సలహా కేంద్రం మేడమ్ చెవులు రిక్కించింది.

"బయట రాసుందండీ," అన్నాడు చివరికి. "చుట్టూ తిరిగి చూడండి."

పెద్దాయన వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. సాంగ్దల్ నిచ్చెన దించి, గుమ్న్యో తలదగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అక్కగారూ, ఈ మంచం మూల కొంచెం పెచ్చు లేచింది. షోకి పెట్టిందే. మీరన్న ధరకి ఇచ్చేస్తాను. ఇంటికి చేర్చడం మాత్రం నా పని కాదు. సరేనా?"

"సరే," అంది గుమ్న్యో కళ్లు తెరవకుండానే. బోక్నిమ్‌ని తట్టి లేపి సాక్ష్యం పెట్టుకుని డబ్బిచ్చింది. "ఇప్పుడిది ఒప్పందమేనా మేడమ్?"

"ఇప్పుడు ఒప్పందమే," అంది నమ్గుంగ్, మేజోళ్లు తొడుక్కుంటూ. ఆవిడకి లేవాలని లేదు, ఆఫీసుంది కాబట్టి లేచింది.

అసలు చిక్కు అక్కణ్ణించి మొదలైంది. మంచం దున్నపోతంత బరువుంది. గుమ్న్యో భర్త చున్సిక్ చదరంగం ఆడే నేస్తాలని నలుగురిని వెంటేసుకుని తోపుడుబండితో వచ్చాడు. అయిదుగురూ పట్టుకుని "హుప్" అన్నారు. మంచం కదల్లేదు, వాళ్ల నడుములు కదిలాయి. వరసగా అదే మంచం మీద పడుకున్నారు. సాంగ్దల్ తనే ప్లగ్గు పెట్టాడు.

తెల్లారి గుమ్న్యో చిలగడదుంపలు, దుప్పటి తీసుకుని షాపుకి వచ్చి పడుకుంది.

"ఏంటక్కగారూ ఇది?"

"నా మంచం. నా మంచం మీద నేను పడుకుంటే నీకేం?"

"ఇది నా షాపు కదండీ."

"అయితే మంచం బయటపెట్టు. లేస్తుందేమో చూడు."

మర్నాడూ వచ్చింది. ఆపైన బోక్నిమ్ కిమ్చి పచ్చడికి క్యాబేజీ తెచ్చి అక్కడే తరిగింది. బేరానికొచ్చిన వాళ్లు వెల్లుల్లి వాసనకి ముక్కు మూసుకుని, ఇది మంచాల కొట్టా కూరల కొట్టా అని అడిగి పోతున్నారు. వారం తిరక్కుండా సాంగ్దల్ నలుగురు కూలీలని, ఒక లారీని మాట్లాడి, కూలి తనే ఇచ్చి, మంచాన్ని గుమ్న్యో ఇంటికి చేర్చాడు. దింపించి వెళ్తూ, "ఇంకేమైనా కావాలన్నా మా కొట్టుకి మాత్రం రాకండి," అని చేతులు జోడించాడు. గుమ్న్యో అతనికి ఒక జాడీ కిమ్చి ఇచ్చి పంపింది.

మంచం పడకగది తలుపులో పట్టలేదు. ముందుగదిలో టీవీ ఎదురుగా వేశారు. టీవీ చూడాలంటే దాని మీదే కూర్చోవాలి. మొదటి సాయంత్రం చున్సిక్ వార్తలు చూద్దామని కూర్చున్నాడు. వెచ్చబడ్డాడు, ఒరిగాడు, నిద్రపోయాడు. ఆ తరవాత అతన్ని దాని మీంచి దింపడం ఎవరి వల్లా కాలేదు. గుమ్న్యో మళ్లీ పడకగదిలో నేలమీదే పరుపేసుకుంది.

"ఇంత గొడవపడి తెచ్చుకుంది బావగారి కోసమా అక్కా?" అంది బోక్నిమ్ జాలిపడుతూ.

గుమ్న్యో చేతిలోని ఉల్లికాడ ఒలిచి పక్కన పెట్టింది.

"ఆయన గురక పక్క గదికి పోయింది చూడు," అంది. "దానికే ఇవ్వొచ్చు ఆ డబ్బు."