కమాను కింద బదులు మనిషి

నాలుగో కమాను కూలినప్పుడు మా తోటి మేస్త్రీ హాప్కిన్ దాని కింద నిలబడి ఉన్నాడు. రాళ్ళ కుప్పలోంచి అతని కుడిచెయ్యి ఒక్కటే, మోచేతి దాకా, బయటికి కనిపించింది. అది కదులుతూనే ఉంది. మేము పరుగున వెళ్ళి రాళ్ళు తొలగించడం మొదలుపెట్టాము. ఇంతలో కాంట్రాక్టరు థాక్‌వెల్ దొర గుర్రం మీద వచ్చాడు.

"రాళ్ళు తర్వాత. ముందు కలప లాగండి. విరగనిది ఏదైనా ఉంటే పనికొస్తుంది."

"లోపల మనిషున్నాడు దొరా! బతికే ఉన్నాడు!"

"ఉంటే ఎక్కడికి పోతాడు?"

అతని మనుషులు ఒక దూలానికి గొలుసు కట్టి గుర్రాలతో లాగించారు. అడ్డం వెళ్ళిన మమ్మల్ని లాఠీలతో ఆపారు. హాప్కిన్ మీది రాళ్ళను అంతసేపూ మోసింది ఆ దూలమే. బయటి చెయ్యి పిడికిలి బిగించి, విప్పింది. మళ్ళీ బిగించలేదు.

మా వేల్స్ కొండల నడుమ, లోయకు అడ్డంగా రైలు కోసం కడుతున్న వంతెన అది. కమాను పూర్తయినా, సున్నం గట్టిపడేదాకా బరువంతా కింది కొయ్య సెంట్రింగే మోయాలి. దాని కాళ్ళ కింద బిగించిన ఏటవాలు చెక్కలను సమ్మెటతో వదులు చేస్తేనే రాళ్ళు ఒకదాన్నొకటి అదుముకుని తమంతట నిలుస్తాయి. మా మేస్త్రీలలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. చెక్కలు వదులు చేయమన్నవాడే ఆ వేళ టోపీ తీసి కమాను కింద నిలబడాలి.

ఆ వానల్లో నాలుగో కమాను సున్నం ఇంకా పచ్చిగానే ఉంది, గోటితో గీస్తే గీరుకుపోయేది. అయినా సెంట్రింగ్ విప్పమన్నాడు థాక్‌వెల్. కట్టుబాటు గుర్తుచేస్తే నవ్వి, "నా బదులు హాప్కిన్ నిలబడతాడు" అన్నాడు. హాప్కిన్ దాన్ని గౌరవమనుకున్నాడు. మేమూ అలాగే అనుకుని చప్పట్లు కొట్టాము. ఒకడి బదులు మరొకడు చావడానికి లోకం పెట్టిన పేర్లలో గౌరవమన్నది బహుశా అన్నిటికన్నా పాతది.

హాప్కిన్‌ను పాతిపెట్టిన మర్నాడే కొత్త ఆజ్ఞ వచ్చింది. అయిదో కమాను సెంట్రింగ్ విప్పి, ఆ కలపతో నాలుగోది తిరిగి కట్టాలట.

ఆ రాత్రి ప్రార్థనా మందిరంలో బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డాము. మాలో పెద్ద మేస్త్రీ హవెల్ లేచాడు.

"నాలుగోది పోయింది. అయిదోది తన బరువుతో స్తంభాన్ని పక్కకి తోస్తుంటే అటునుంచి ఎదురు తోసే కమాను లేదు. సెంట్రింగ్ తీశామా, ఆ రెంటి మధ్య స్తంభం ఒరిగి మన గుడిసెల మీదే పడుద్ది. పిల్లాజెల్లా అంతా అక్కడే ఉన్నారు."

"మనం చెయ్యకపోతే ఐరిష్ మట్టిపనోళ్ళు చేస్తారు మావా," అన్నాడు గిట్టో అనే కుర్ర మేస్త్రీ. "ఆళ్ళ దేవుడే వేరు."

తలుపు దగ్గర నవ్వు వినిపించింది. ఐరిష్ వాళ్ళ ముఠా నాయకుడు హన్రాటీ, వెనక అతని మనుషులు, తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు.

"ఒరే గిట్టో, మా గుడిసెలూ దాని కిందే గదరా. రాయి పడేముందు నువ్వు ఏ గుడికెళ్తావని అడుగుద్దా?"

హవెల్ జరిగి బెంచీ మీద అతనికి చోటిచ్చాడు.

హాప్కిన్ భార్య గ్వెన్లియన్ సున్నం కలిపే మనిషి. సున్నం తినేసిన చేతులను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ వాదాలయ్యాయా అన్నా? నాకొకటే కావాలి. ఈసారి బదులు మనిషి ఉండకూడదు."

తెల్లవారాక థాక్‌వెల్ సైనికులతో వచ్చాడు. లోయలోని జనమంతా అయిదో కమాను ముందు నిలబడి ఉన్నారు. హవెల్ సమ్మెట పట్టుకుని ముందుకొచ్చాడు.

"చెక్కలు వదులు చేస్తాను దొరా. తమరొచ్చి కింద నిలబడండి."

థాక్‌వెల్ మొహం బిగిసింది. హన్రాటీ వైపు వేలు చూపాడు. "నువ్వు నిలబడు. రేపటి నుంచి నువ్వే జమేదారువి."

"అమ్మో, అంత పెద్ద కుర్చీనా? నా పిర్రలకి సరిపోదు దొరా."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుకు శిక్ష హవెల్ పొందాడు. సైనికులు అతని కుడిచేతిని రాయి మీద పరిచి పట్టుకోగా, థాక్‌వెల్ మనిషి ఆ సమ్మెటతోనే వేళ్ళు నలగ్గొట్టాడు. ఇక ఆ చెయ్యి ఉలి పట్టదు. అతన్ని బండిలోకి విసిరి, సమ్మెటను బురదలో పారేశారు.

గ్వెన్లియన్ దాన్ని తీసుకుంది. "దొరా, కింద నిలబడు." ఆమెను జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళారు. హన్రాటీ తీసుకున్నాడు. తుపాకీ మడమ దెబ్బకు పళ్ళు రాలుతున్నా ఆ మాటే అన్నాడు. గిట్టో తీసుకున్నాడు.

"ఆ చెక్కలు మీరే కొట్టండి!" అని థాక్‌వెల్ సైనికుల మీద అరిచాడు. వాళ్ళ అధికారి తలెత్తి కమానును చూశాడు, తర్వాత థాక్‌వెల్‌ను చూశాడు. అతని బూట్లు ఉన్నచోటనే ఉన్నాయి. "మనుషులను పట్టుకోవడం మా పని. ఇది కాదు."

బండి నిండింది. రెండో బండి తెచ్చారు. సెంట్రింగ్ కదలలేదు.

గిట్టోను బండెక్కిస్తుంటే అతని చేతిలోంచి జారిన సమ్మెట నా కాళ్ళ దగ్గర పడింది. వంగి తీసుకున్నాను. వాన చల్లగా కురుస్తోంది. పిడి మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.

"దొరా," అన్నాను, "వచ్చి కింద నిలబడు."

నా వెనక ఎవరో, అప్పటికే, సమ్మెట కోసం చెయ్యి చాపి ఉన్నారు.