నాన్న పానా

మా తమ్ముడు మొండిఘటం. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ, ఈసారి ఆ మొండితనం వాడి ప్రాణం మీదికే వచ్చేట్టుంది.

ఇద్దరం ఒకే లాండ్రీలో పనిచేస్తాం. నేను ఇస్త్రీ బల్ల దగ్గర, వాడు వెనక గదిలో బాయిలర్ దగ్గర. ఇదివరకు ఆ బాయిలర్ చూసింది మా నాన్న. పోయిన ఏడాది జ్వరమొచ్చి పోయాడు. ఆయన చేతిలో అరిగిన పెద్ద పానాని వాడు గుర్తుగా తెచ్చి, బాయిలర్ నెత్తిన సేఫ్టీ వాల్వ్ మీట కొసకి తగిలించాడు. ఇంకెక్కడా చోటే దొరకనట్టు! ఆవిరి మరీ ఎక్కువైతే ఆ మీట పైకి లేవాలి, ఆవిరి కూత పెడుతూ బయటికి పోవాలి. అందుకే నాన్న దాని మీద ఈగ వాలినా ఊరుకునేవాడు కాదు. ఒకసారి తడి తువ్వాలు ఆరేశానని నా వీపు విమానం మోత మోగించాడు.

ఇప్పుడక్కడ మూరెడు ఇనుము వేలాడుతోంది. వద్దనేవాళ్ళు లేకపోగా, పొద్దున్నే అందరూ దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. ఏడాదిగా వాల్వ్ ఒక్కసారి కూడా కూయలేదు, అంతా నాన్న మహిమేనట! మహిమా, మన్నా!

ఇవాళ మధ్యాహ్నం హోటళ్ళ దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. తమ్ముడు బొగ్గు దట్టిస్తున్నాడు. మంచినీళ్ళ కోసం వెనక గదిలోకి వెళ్ళి చూద్దును కదా, మీటరు ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది. గోడ మీద చెయ్యి పెడితే అదురుతోంది. వాల్వ్ మాత్రం కిక్కురుమనడం లేదు.

"ఒరేయ్, ఆ పానా తియ్యరా!"

"నాన్నని దించమంటావా అక్కా?"

"దించకపోతే అందరం ఆయన దగ్గరికే పోతాం!"

వాడితో వాదించే ఓపిక లేక స్టూలెక్కి నేనే లాగేశాను. ఆవిరి చెవులు చిల్లులు పడేట్టు కూస్తూ బయటికి తన్నుకొచ్చింది. ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

ఆ కూతకి ఉతికేవాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో, పానా తియ్యగానే ఎంత ఉపద్రవం వచ్చిందో చూశారా!" అంది ఉతికే పిన్ని నా చేతిలోది చూసి.

"ఉపద్రవం కాదు పిన్నీ, గండం గడిచింది! ఆ ముల్లు చూడండి!"

ఒక్కరంటే ఒక్కరు ముల్లు వైపు చూడలేదు. తమ్ముడు పానా లాక్కుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే తగిలించి తీగతో బిగించి కట్టేశాడు. నేను చెయ్యి చాపితే పిన్ని పట్టుకుంది. కూత ఆగిపోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"నీ కాళ్ళు పట్టుకుంటాన్రా," అని వంగాను.

"పెద్దదానివి, నా కాళ్ళు పట్టుకుంటే నాకు ఆయుక్షీణం అక్కా," అని నవ్వి, వాడు పార నిండా బొగ్గెత్తాడు.