జాకీ అరిగిపోతుందట

"నీ మిషను బల్ల మీద పెట్టేసి వచ్చా. ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోతారు" అన్నాడు వెండెల్, టోపీ దులిపి నెత్తిన పెట్టుకుంటూ.

కాఫీ గిన్నె కడుగుతున్న ఆర్డిస్ నురగ చేతులతోనే వెనక్కి తిరిగింది. "ఏ మిషను?"

"నీకెన్ని మిషన్లున్నాయేమిటి తల్లీ? మీ అమ్మ కుట్టుమిషను. ఆ ఇనప దిమ్మని ట్రెయిలర్ ముందు భాగంలో కుక్కి నన్ను లాగమంటే ఎలా? వచ్చేటప్పుడు కొండ దిగుతుంటే ఎలా ఊగిందో చూశావుగా. ట్రక్కు ముక్కు పైకి లేచిపోతోంది. అది స్టీరింగు పట్టుకున్నవాడికి తెలుస్తుంది, పక్కన కూర్చుని బిస్కెట్లు తినేవాళ్ళకి కాదు. సరే, మనవాళ్ళందరికీ చెప్పి వస్తా. నేనొచ్చేసరికి కొక్కెం తగిలించి ఉంచు."

అని చక్కా పోయాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆర్డిస్‌ని ఏదైనా అడిగి చేసిన పాపాన పోయాడా, ఇవాళ అడగడానికి!

మార్చి ఆఖరు. అరిజోనా ఎడారి ఎండ ముదురుతోంది. చలికాలమంతా ఇక్కడ గడిపిన పెద్దవాళ్ళు ట్రక్కుల వెనక చక్రాల ఇళ్ళలాంటి ట్రెయిలర్లు తగిలించుకుని ఉత్తరాదికి బయల్దేరే రోజులు. బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్ళు అక్కర్లేని కుర్చీలూ, మూకుళ్ళూ, పాత పుస్తకాలూ బట్టలుతికే గది పక్కనున్న బల్ల మీద వదిలేస్తారు. అక్కర్లేనివి! ఆర్డిస్‌కి ఒళ్ళు మండిపోయింది. మోంటానాలో గోధుమ చేల మధ్య ఆ మిషను మీదే అమ్మ ఐదుగురు పిల్లల బట్టలు కుట్టింది. పోయేముందు, "ఇది నీకే. ఎవరికీ ఇవ్వకు" అని చెప్పి మరీ ఇచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో ఆరువందల మందికి సూపు గుండిగలు ఎత్తి దింపి, ఇంటికొచ్చి మళ్ళీ వంట చేసి, అప్పుడు కదా అరగంట ఆ మిషను ముందు కూర్చునేది. ఆ అరగంటలోనే తను ఎవరికీ వంటమనిషి కాదు. "ఆ టకటక ఆపు, వార్తలు వినపడట్లేదు" అనేవాడు వెండెల్. "మా వాడికి చప్పుడు పడదమ్మా" అని వంత పాడేది అత్తగారు. ఆ మాటకి భయపడి ఎన్ని దుప్పట్లు సగంలో మడిచి పెట్టేసిందో! పదవీ విరమణ రోజున హెడ్మాస్టరు ఆమె చేతిలో పూలగుత్తి పెట్టి, "ఇకమీదట హాయిగా మీవారికి వండిపెట్టుకోండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది, సిగ్గు లేకుండా.

చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తింది. బల్ల మీద మిషను లేదు.

"ఇటు చూడవే పిల్లా!" ఎవరో కేకేశారు. పక్క జాగాలో ఉండే కోరీన్. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, మొగుడు పోయాక ఒక్కతే ట్రెయిలర్ లాక్కుంటూ తిరుగుతుంది. ఆమె మెట్టు మీద మిషను భద్రంగా ఉంది. "ఎవడో పట్టుకుపోబోతుంటే నాదని అబద్ధమాడాను. చలికాలమంతా దీని మీద కుడుతూ కనిపించావు, నువ్వు దీన్ని వదిలే రకం కాదే అనుకున్నా."

ఆర్డిస్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. థాంక్స్ చెప్పబోయి ఆగిపోయింది. ఎందుకంటే మాట్లాడుతూనే కోరీన్ తన కొక్కెం బిగిస్తోంది. ట్రక్కుకి ట్రెయిలర్ తగిలించేసి, ఆపైన ట్రెయిలర్ ముందున్న జాకీ తిప్పింది. ట్రెయిలర్ ముక్కుతో పాటు ట్రక్కు వెనక భాగం కూడా జానెడు లేచింది. బరువు పంచే ఇనప కడ్డీలు వదులుగా వేలాడుతుంటే, వాటి గొలుసుల్ని రెండు వేళ్ళతో ఎత్తి కొక్కేలకి తగిలించింది. ఉస్సూ లేదు, బుస్సూ లేదు.

"అదేంటి కోరీన్, అంత తేలిగ్గా ఎలా..."

"తేలిక కాక? జాకీ ఉన్నదెందుకు? మరి నువ్వెలా తగిలిస్తావు?"

ఎలా చెప్పాలి? జాకీ ఎత్తకుండా, గొలుసు పట్టే కొక్కేనికి ఇనప గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసి వేలాడితే గానీ ఆ కడ్డీ లొంగదు. పదకొండేళ్ళుగా ఆ పని ఆర్డిస్‌దే, వెండెల్‌కి నడుం నొప్పి కదా. నాలుగేళ్ళ కిందట గొట్టం జారి ఎదురు తన్నింది. మణికట్టు చిట్లింది. "ఊరికే కంగారుపడి వదిలేస్తావు" అన్నాడు, ఆస్పత్రి బయట, ట్రక్కు దిగకుండానే. కుడి భుజం ఇప్పటికీ జుట్టు దువ్వుకోనివ్వదు. మొదట్లో ఓసారి, జాకీ కాస్త ఎత్తి చూద్దామా అని తనే అడిగింది.

"జాకీ అరిగిపోతుందన్నాడు" అంది ఆర్డిస్ మెల్లగా.

కోరీన్ చేతిలో పని ఆపి ఆమె మొహంలోకి చూసింది. "అరిగితే కొట్లో ఇంకోటి దొరుకుతుంది. భుజం ఏ కొట్లో దొరుకుతుందే?"

ఆర్డిస్ కుడి భుజం తడుముకుంది. పదకొండేళ్ళు. జాకీ అరక్కుండా ఉండాలని మనిషి అరిగింది. అందులో తన తప్పూ ఉంది, ఒక్కనాడైనా ఆ మాట తేల్చుకుందా? అతను అన్నాడు, తను విన్నది. మరి మిషను మాటో? అదీ ఇలాంటిదే అయితే?

"ట్రక్కు ముక్కు లేస్తోందంటే ఈ మిషను బరువేనా కోరీన్?"

"నోటితో చెప్పేదేముంది, కొలుచుకో" అని కోరీన్ టేపు చేతిలో పెట్టింది. "ట్రక్కు ఒంటరిగా ఉన్నప్పుడు ముందు చక్రం పైనున్న అంచు నేలకి ఎంతెత్తుందో చూడు. ట్రెయిలర్ తగిలించాక మళ్ళీ చూడు. వెనక బరువు పడితే ముందు లేస్తుంది. కడ్డీలు బిగిస్తే ఆ బరువు కాస్త ముందుకి వెళ్ళి, లేచింది దిగాలి. దిగకపోతే గొలుసుని ఇంకో లింకు బిగించు."

ఇద్దరూ కలిసి మిషనుని ట్రెయిలర్ దాకా మోశారు. మిగతాది ఆర్డిస్ ఒక్కతే చేసుకుంది. ట్రక్కు ఒంటరిగా ముప్ఫై ఆరు అంగుళాలు. మిషను లేకుండా తగిలిస్తే ముప్ఫై ఏడున్నర. కడ్డీల్ని ఎప్పటిలా ఐదో లింకు మీద పెడితే పావంగుళం దిగింది, అంతే. మిషను ఎక్కించి మళ్ళీ కొలిచింది. గోరంత తేడా! మోకాళ్ళ మీద కూర్చుని రెండోసారి, మూడోసారి చూసుకుంది. టేపుకి మొగుడనీ పెళ్ళామనీ తెలియదు. దాని మాట ఒక్కటే.

అప్పుడు ముందు అర తలుపు బార్లా తెరిచింది. మిషను పక్కన జనరేటర్. దాని పక్కన చక్రాలకి గాలి కొట్టే యంత్రం. దాని కింద వెండెల్ పనిముట్ల పెట్టె, ఇద్దరు పట్టి ఎత్తాల్సింది. మిషను మొదట్నించీ ఉన్నదే, మిగతావి వచ్చి రెండేళ్ళు. బండి ఊగుతున్నదీ రెండేళ్ళ నుంచే! పదకొండేళ్ళ కిందట ఖాళీ ట్రెయిలర్‌కి అమ్మిన కొట్టువాడు ఐదో లింకు చూపించాడు. వెండెల్‌కి అదే వేదం అయిపోయింది. ఆర్డిస్ పకపకా నవ్వింది, కడుపు మండుతూనే.

జాకీ తిప్పింది. ట్రక్కు వెనక భాగం లేచింది. గొలుసుని ఒక లింకు పొట్టి చేసి, నాలుగో లింకు దగ్గర పట్టి తగిలించింది. చేతిలోని గొట్టంతో కొక్కేన్ని చిటుక్కున మడిచి పిన్ను పెట్టింది. ఆ పక్కా అంతే. జాకీ దించి కొలిచింది. ముప్ఫై ఆరుంబావు. మిషనుతో సహా, జనరేటర్‌తో సహా. భుజం మూలగలేదు. ఆ మూలగకపోవడం చూసే ఆమెకి ఏడుపొచ్చింది.

వెండెల్ నవ్వుకుంటూ వచ్చాడు. తెరిచి ఉన్న అరలో మిషను చూడగానే మొహం మాడిపోయింది. "మళ్ళీ తెచ్చిపెట్టావా? చెబితే అర్థం కాదా నీకు?"

"కొలిచాను వెండెల్. ముక్కు దిగింది. నాలుగో లింకు మీద."

"ఐదో లింకు కదా పెట్టాల్సింది! నాలుగుకి ఎవరు మార్చమన్నారు? అయినా అంత బిగువు నీ వల్ల ఎక్కడవుతుంది?"

"జాకీ ఎత్తాను."

"జాకీ అరిగి..."

"అరగనీ." గొంతు పెంచలేదు ఆర్డిస్. టేపు అతని చేతిలో పెట్టింది. "నమ్మకపోతే వంగి కొలుచుకో. నడుం నొప్పంటావా, నా మాట నమ్ము. ఇంకా బరువు తగ్గాలంటే నీ జనరేటర్ ఉంది. బల్ల ఇంకా అక్కడే ఉంది."

అతను టేపు వంకా, జనరేటర్ వంకా చూశాడు. పక్క జాగాలోంచి కోరీన్ చూస్తోందని గమనించి గొంతు తగ్గించాడు. "సరేలే. తాళాలియ్యి. ఎండెక్కుతోంది."

తాళాలు ఆర్డిస్ జేబులో ఉన్నాయి. పదిహేనేళ్ళప్పుడు కోతల కాలంలో నాన్న గోధుమ లారీని చేల గట్ల మీద నడిపిన పిల్ల ఆమె. పెళ్ళయ్యాక, "నీకెందుకు, దారి చూస్తూ కూర్చో" అంటే దారి చూస్తూ కూర్చుంది. చాలు, దారి బాగానే చూసింది. డ్రైవరు వైపు తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు తన కళ్ళకి సరిచేసుకుంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు వెండెల్, కిటికీ దగ్గర నిలబడి, నోరు తెరిచి.

"కొండ దాకా నడిపి చూస్తా. ఊగితే అడుగు. ముందు వెనక్కెళ్ళి లైట్లు చూడు."

అతను కదల్లేదు. ఆమె ఇంజన్ స్టార్టు చేసింది. కాసేపటికి, గొణుక్కుంటూ, ట్రెయిలర్ చివరికి నడిచాడు. పదకొండేళ్ళు తను నిలబడిన చోట, ఎండలో, అద్దంలో చిన్నగా కనబడ్డాడు. ఆమె కుడి లైటు వేసింది. అతను ఏదో అన్నాడు.

కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది ఆర్డిస్, "గట్టిగా చెప్పు వెండెల్! స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి వినపడట్లేదు!"