బోథ్ దాకా ఆరు బస్సులు

చాంద్‌పాషా నోరు తెరిచి ఒకరిని ఏదైనా అడిగిన పాపాన పోలేదు. నలభై ఏళ్లు కరీంనగర్‌లో దూది ఏకి పరుపులు కుట్టాడు. ఇచ్చిన కూలి తీసుకున్నాడు, ఇవ్వకపోతే ఊరుకున్నాడు. అలాంటి మనిషి భార్య సుగ్రా బేగంను బోథ్ తీసుకుపోతానని తనంతట తాను అనేసరికి, కొడుకు సాదిక్ తింటున్న చేయి ఆపి చూశాడు.

బోథ్‌లో సుగ్రా అక్క మహబూబీ ఉంది. ఇద్దరూ కలిసి నాలుగేళ్లయింది. ఒక కన్ను పోయిందని, రెండోది కూడా మసకబారుతోందని, అది పోకముందే చెల్లె ముఖం చూడాలని ఆమె ఫోన్ చేయించింది. కారు కిరాయి సాదిక్‌తో అయ్యే పని కాదు. బస్సులో సుగ్రాకు ఆధార్ కార్డు చూపితే చాలు, టికెట్‌కు డబ్బులక్కర్లేదు. కానీ ఆడవాళ్లకు టికెట్ డబ్బులు ఎత్తేసినప్పటినుంచి బస్సుల్లో కాలు పెట్టే సందు కూడా లేదు. సుగ్రావి చూస్తే అరిగిపోయిన మోకాళ్లు.

చాంద్‌పాషా పది రోజులు బస్టాండుకు పోయి ఒక మూల నిలబడి చూశాడు. దూరం పోయే బస్సు నిండిపోయి వస్తుంది. దగ్గరి ఊళ్ల బస్సు అక్కడే పుడుతుంది. పుట్టినచోట ఎక్కితే కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకోవచ్చు, ఎవరినీ బతిమాలే పని లేదు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిర్మల్, ఇచ్చోడ, చివరికి బోథ్. ఆరు బస్సులు. జగిత్యాలలో చాయ్, ఆర్మూర్‌లో అన్నం, నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసేచోటు. పెండ్లయినప్పటినుంచి ఆమె చూసిందేముంది గనక.

నాలుగు బస్సులు అనుకున్నట్టే నడిచాయి. ప్రతిచోటా దస్తీ వేశాడు, ప్రతిచోటా సీటు దొరికింది. సుగ్రా కడ్డీ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కింది, ఒక్కో మెట్టూ దిగింది. ఆర్మూర్‌లో రెండు ముద్దలు తిని చాలంది.

నిర్మల్‌లో దిగేసరికి మూడు దాటింది. బొమ్మలు చూద్దామా అన్నాడు. ఆమె బెంచీ మీద కూలబడి, చెప్పులు విడిచి, మోకాళ్లను రెండు చేతులతో పట్టుకుంది. ఇంతలో ఇచ్చోడ బస్సు వచ్చి ఆగింది. అతడు పరుగున పోయి దస్తీ వేసి వచ్చి లెమ్మన్నాడు. ఆమె లేవలేదు.

"నువ్వు పోయి అక్కను చూసిరా. నేనీడనే కూసుంట."

"ఏమైంది?"

"నిలబడుడైతే ఎట్లనో ఓర్సుకుంట సాదిక్ బాపు. ఎక్కుడు దిగుడే పానం తీస్తుంది. ఇంకో రెండు బస్సులు నాతోని గాదు."

"ముందుగాల చెప్పొద్దా?"

"నా కోసం గింత ఫికర్ జేసుడు నీకు గిదే మొదలు. ఎట్ల జెప్పాలె?"

చాంద్‌పాషా పోయి దస్తీ తీసుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి, సరాసరి బోథ్ పోయే బస్సు ఒకటి నాలుగింటికి వస్తుందని చెప్పాడు. నిజామాబాద్ నుంచే నిండిపోయి వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదన్నాడు. సుగ్రా అతని వంక చూసింది.

"గా బస్సుల సీటు అడగాల్సొస్తదని గదా, నన్ను గిన్ని బస్సులు ఎక్కించినవ్."

అతడు దస్తీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె అన్నది నిజమే.

నాలుగింటి బస్సు నాలుగున్నరకు వచ్చింది. వెనక నుంచి అతడు లేపితే, ముందు నుంచి కండక్టరమ్మ చేయి అందిస్తే, సుగ్రా ఎక్కింది. లోపల గాలి ఆడడం లేదు. దగ్గరి సీట్లో ఒకడు ఫోన్ చూస్తున్నాడు. చాంద్‌పాషా వాడి ముందు నిలబడి ఏదో అన్నాడు. ఆ మాట అతని చెవికే సరిగా వినబడలేదు. పక్క సీట్లో ఉన్న ముసలామె విని నవ్వింది.

"నాయి గూడ మోకాళ్లే, అన్నా. పెద్దగ అడుగు. గిట్ల గొణిగితే ఎవలు లేస్తరు?"

బస్సు కదిలింది. సుగ్రా కడ్డీని రెండు చేతులతో పట్టుకుంది. ఇంకాసేపట్లో కొండదారి ఘాటు మలుపులు వస్తాయి. చాంద్‌పాషా గొంతు సవరించుకున్నాడు.

"మా ఇంటామెకు మోకాళ్లు పనిచేస్తలెవ్వు. అక్కను చూడ పోతున్నది. ఎవరన్న జర జాగ ఇయ్యుండ్రి."

బస్సంతా తిరిగి చూసింది. వెనక నుంచి కాలేజీ పిల్ల ఒకతె లేచి, రా అవ్వా అని పిలిచింది.

ఘాటు పొడుగునా చాంద్‌పాషా నిలబడే ఉన్నాడు. నేరడిగొండలో సుగ్రా పక్క సీటు ఖాళీ అయితే కూర్చుని కండ్లు మూసుకున్నాడు. నాలుగు బస్సులు ఎక్కి దిగినదానికంటే ఆ ఒక్క మాటకే ఎక్కువ అలసిపోయినట్టు ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ఎన్ని బస్సులని సుగ్రా అడిగింది.

"రెండు," అన్నాడు, కండ్లు తెరవకుండానే.