పొడి దిండు

మా ఆయన ఇంజెక్షన్ ఎగ్గొట్టాడని నాకు ఆయన చెప్పలేదు, ఆసుపత్రివాళ్ళూ చెప్పలేదు. ఆయన దిండు చెప్పింది.

ఆ రోజు పొద్దున్నే పక్క సర్దుతూ, ఉతకడానికి గలీబు లాగబోయి ఆగిపోయాను. అది పొడిగా ఉంది. ఆరు నెలలుగా చెమటకి తడిసి ముద్దయిన గలీబుల్ని రోజూ ఉతికిన చెయ్యి ఇది, దీనికి తేడా తెలియదా? అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన వారం పది రోజులుగా దుప్పటి నిండా కప్పుకుని పడుకుంటున్నాడు. కిటికీ తెరవమనడం మానేశాడు.

మేమిద్దరం ఒకే బస్సు డిపోలో పనిచేస్తాం. నేను బస్సు నడుపుతాను, ఆయన హెడ్ మెకానిక్. పోయిన ఏడాది ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ఆ జబ్బుకి మగ హార్మోనే మేత అట. ఆ మేత అందకుండా మూడు నెలలకోసారి ఇంజెక్షన్ పడాలి. క్రమం తప్పకపోతే చాలా ఏళ్ళు బతకొచ్చు, ఎగ్గొడితే జబ్బు మళ్ళీ తలెత్తుతుందని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది.

ఇంజెక్షన్ మొదలైన నెలకే ఆయనకు ఒంట్లోంచి ఆవిర్లు పుట్టాయి. నలభై తొమ్మిదో ఏట, నెలసరి ఆగిపోయే రోజుల్లో, నన్ను మూడేళ్ళు కాల్చుకుతిన్న ఆవిర్లే అవి. అప్పుడు నేను కిటికీ తెరిస్తే ఈ మహానుభావుడు లేచి మూసేవాడు. పైగా డిపోలో అందరూ వినేలా జోకులు! "ఆడవాళ్ళ బుర్రలో వైరింగే వేరు. ఎప్పుడు ఏ ఫ్యూజు కొట్టేస్తుందో వాళ్ళకే తెలీదు" అనేవాడు. మరి మీ ఆవిడ బస్సెలా నడుపుతోందన్నా అని ఎవరైనా అడిగితే, "దానికి పొరపాటున మగబుర్ర బిగించారు" అని నవ్వేవాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు, వచ్చింది. చెప్పొద్దూ, మొదట్లో నాకు కాస్త సంబరంగానే ఉండేది. తర్వాత జాలేసింది.

"ఏమండీ, రెండు నెలల కిందట ఇంజెక్షన్ కడుపుకి ఏ పక్కన వేశారు?" అని టిఫిన్ దగ్గర అడిగాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది. "ఎడమ... కాదు, కుడి."

"అసలు వెళ్ళారా?"

నెమ్మదిగా బయటపెట్టాడు. వెళ్ళలేదు. ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తే ఊళ్ళో లేనన్నాడట.

"ఎందుకండీ? చావాలనుందా?"

"ఈ ఇంజెక్షన్లు పడ్డాక, పాత బస్సుని తుక్కుకి లాక్కుపోతుంటే ఏడ్చేశానే," అన్నాడు తల వంచుకుని. "కుర్రాళ్ళందరూ చూశారు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని వెనకాల ఎవడో అన్నాడు. ఇవాళ ఏడుపొచ్చింది, రేపు ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే బుర్ర పోతే? మొత్తం ఆడబుర్ర అయిపోతే ఇంక నేను దేనికి పనికొస్తాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "దేనికా? బస్సు నడపడానికి! లేవండి!"

డ్యూటీకి సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ తిట్టలేదు. రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, రక్తంలో జబ్బు జాడ కొంచెం పెరిగిందని, ఇవాళే మొదలుపెడితే అదుపులోకి తేవచ్చని చెప్పింది. నాకు ఊపిరి వచ్చింది.

ఆయన మాత్రం కదల్లేదు. "డాక్టరుగారూ, నేను ఆడదాన్నైపోతున్నానా?"

"అదేం లేదండీ. మీకు తెలుసా, మగవాళ్ళ ఒంట్లోనూ ఆడ హార్మోన్ కొంచెం ఉంటుంది. మీ మగ హార్మోన్‌లోంచే అది తయారవుతుంది. ఇంజెక్షన్ వేస్తే రెండూ తగ్గుతాయి. ఈ ఆవిర్లు చాలావరకు ఆ ఆడ హార్మోన్ తగ్గినందుకే."

ఆయన నోరు వెళ్ళబెట్టాడు. "అంటే ఇన్నాళ్ళూ నాలో అది ఉందా?"

"పుట్టినప్పట్నుంచీ ఉంది. ఒంటి వేడిని చూసుకునే చోటు బుర్రలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఉంటుంది. హార్మోన్ ఒక్కసారిగా పడిపోతే ఎవరిదైనా తడబడుతుంది."

"మరి వైరింగు వేరంటారుగా?"

"వెయ్యిమందిని వెయ్యిమందితో పోలిస్తే సగటున కొన్ని తేడాలు కనిపిస్తాయి. అంతమాత్రాన ఒక మనిషి బస్సు నడపగలదా, ఇంజన్ బాగుచేయగలడా అని బుర్ర చూసి చెప్పలేం. నిద్ర చెడితే మతిమరుపు, చిరాకు రావచ్చు, వాటికి మందులిస్తాను. నలభై ఏళ్ళు నేర్చుకున్న పని తుడిచిపెట్టుకుపోదు."

"ఆవిర్లు వస్తున్న మనిషి బస్సు నడపొచ్చా?" అని అడిగాడు.

"కంటినిండా నిద్రుంటే నిక్షేపంగా."

ఆ మాటకి ఆయన మొహం తేలికపడుతుందనుకున్నాను. పాలిపోయింది. బయట బల్ల మీద, ఇంజెక్షన్ కోసం కూర్చున్న అయిదారుగురు మగవాళ్ళ మధ్య, నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకో మాట చెప్పాలి. అప్పట్లో నిన్ను స్టీరింగ్ మీంచి దింపి పాసుల కౌంటర్లో కూర్చోబెట్టారు చూడు... మేనేజరుకి చెప్పింది నేనే. ఆవిర్లొస్తున్నాయి, బుర్ర కుదురుగా లేదు, ఏ చెట్టుకో గుద్దుతుందని చెప్పాను."

రెండేళ్ళు! మళ్ళీ స్టీరింగ్ చేతికిచ్చేదాకా రెండేళ్ళపాటు ఆ అద్దం వెనక కూర్చుని, నా రూటు బస్సుని ఇంకెవరో బయటికి తీస్తుంటే చూశాను. నాలో ఏం తప్పు కనపడిందోనని రోజూ కుమిలిపోయాను. ఇంటికొచ్చి ఏడిస్తే ఈ మనిషే వీపు నిమిరాడు! చెయ్యి విదిలించుకున్నాను.

"ఒక్కదానివే పడ్డావు, పక్కనే ఉండి కూడా నాకు తెలీలేదు," అన్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "నన్ను వదిలేసి వెళ్ళిపోయినా నేనేం అనను."

లోపలినుంచి నర్సు ఆయన నంబరు పిలిచింది. ఆయన లేవలేదు, నా మొహంలోకే చూస్తున్నాడు.

"లేవండి," అన్నాను. "రెండేళ్ళకి సరిపడా మీతో పోట్లాడాలి. ఒక్కరోజులో తేలేది కాదు. మీరు చాలా ఏళ్ళు బతకాలి."

ఆయన లేచాడు. అంతమంది మగవాళ్ళ ముందూ ఏడుస్తూనే, మొహం దాచుకోకుండా, చొక్కా అంచు పైకెత్తుకుంటూ లోపలికి వెళ్ళాడు.