ఆదివారం తెరుస్తారా?

ఆ సాయంత్రం మా డోకమ్ బడి భోజనాల హాల్లో ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు! బయట మోకాలి దాకా మంచు, ముక్కు ఊడిపోయేంత చలి, అయినా జనం ట్రక్కులు వేసుకుని వచ్చేశారు. గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని, కోట్లయినా విప్పకుండా నేరుగా కాఫీ దగ్గరికే. రాకుండా ఎలా ఉంటారు, కాకస్ కదా! అధ్యక్ష ఎన్నికలో మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో దేశమంతటికంటే ముందు మా అయోవా రాష్ట్రం చెబుతుంది. అయోవాలో మా ఊరి మాట మా ఊరు చెబుతుంది. ఒక్కో అభ్యర్థి తరఫున ఊళ్ళోవాళ్ళే ఒకరు లేచి మాట్లాడతారు, ఎవరికి తోచిన ప్రశ్న వాళ్ళు అడుగుతారు, తర్వాత చీటీ మీద పేరు రాసి ఐస్‌క్రీము బకెట్లో వేస్తారు. ఆ బకెట్ మా నానమ్మదే. కడిగి తెచ్చినా ఇంకా వెనిల్లా వాసన వస్తూనే ఉంది.

గ్రాంట్ టాలివర్ తరఫున ఆ రోజు లేచి మాట్లాడాల్సింది నేనే. నేనంటే జెనెల్ డైక్‌హౌస్, ట్రాక్టర్ల మెకానిక్ గెరిట్ కూతురు, మినియాపొలిస్‌లో చదువు, సెలవులకి ఇంటికొచ్చి సెలవన్నదే లేకుండా ఊరంతా తిరిగిన పిల్ల! టాలివర్ అంటే నాకు పిచ్చి. చిన్న పనిముట్ల కొట్టుతో మొదలుపెట్టి పదకొండు రాష్ట్రాల్లో దుకాణాలు పెట్టాడు, వేలమందికి పని చూపించాడు, దేశం నడపడానికి ఇంకేం కావాలి? మా పార్టీలోనే ఆయనకి పోటీ రెవరెండ్ లైల్ హాస్కిన్స్. మాజీ గవర్నరు, అంతకు ముందు పాస్టరు. నోరు తెరిస్తే బైబిలు వాక్యమే. మా ఊళ్ళో మూడొంతుల మంది ఒకే చర్చి వాళ్ళు, అందుకే అందరూ మమ్మల్ని హాస్కిన్స్ జేబులో వేసేశారు.

"డోకమ్ ఒక్కటి పట్టుకొస్తే చాలు జెనెల్," అని డెమోయిన్‌లోని టాలివర్ ప్రచార ఆఫీసు నుంచి వచ్చిన బ్రేడీ రోజూ ఊదరగొట్టేవాడు. "చర్చి వాళ్ళు కూడా టాలివర్‌నే ఒప్పుకున్నారని రేపు టీవీలన్నీ మోగిపోతాయి."

నాకు మాత్రం టీవీల కంటే ఒక్క ఓటు ఎక్కువ కావాలి. అది మా నాన్నది.

నాన్న మా చర్చి సంఘ పెద్ద. ఆయన ఎటు కూర్చుంటే సగం హాలు అటు కూర్చుంటుంది. ఎవరికి వేస్తావు నాన్నా అని అడిగినప్పుడల్లా "ఇంకా అనుకోలేదు" అంటూ స్పానరు తుడుచుకునేవాడు. ఆయన మెచ్చుకోవడం కూడా అంతే. ఊళ్ళో ఎవరూ చూడనంత మొక్కజొన్న పండిన ఏడాది ఆయనన్న మాట "పర్లేదు." ఏడుస్తూ జనం బయటికొచ్చిన ప్రసంగం విని పాస్టరు గారితో అన్న మాటా "పర్లేదు." మా ఊళ్ళో దాన్ని మించిన పొగడ్త లేదు. ఆ మాట నా గురించి ఆయన ఇప్పటిదాకా ఒక్కసారీ అనలేదు.

ఇక కాకస్‌కి ముందు ఆదివారం ఏం జరిగిందో చెప్పాలి, అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

డోకమ్‌లో ఆదివారం అంటే ఆదివారమే. గడ్డి కొయ్యరు, బట్టలు ఆరెయ్యరు, ఏ కొట్టూ తియ్యరు. పొద్దున ఆరాధన, చర్చి నేలమాళిగలో హ్యామ్ బన్నులు, ఇంటికొచ్చి నిద్ర. ఆ నిద్ర కూడా మాకు సగం భక్తే! పోయిన కోతల్లో మా ఊరి రైతు వెర్లిన్ తాతయ్య కోత మిషను ఆదివారం పొలం మధ్యలో ఆగిపోయింది. పడమట మబ్బు నల్లగా లేస్తోంది. నాన్న వెళ్ళాడు, పనిముట్లు మాత్రం పట్టుకెళ్ళలేదు. ఇద్దరూ ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ మబ్బును చూశారు, ప్రార్థన చేసుకున్నారు. వాన పడింది. మిషను సోమవారం తెల్లారగానే బాగయ్యింది కానీ గింజలు తడిసిపోయాయి. వెర్లిన్ తాతయ్య ఇప్పటికీ మిషను మా నాన్న దగ్గరికే తెస్తాడు.

అలాంటి ఊళ్ళో, ఆ ఆదివారం మధ్యాహ్నం, అందరూ గురకలు పెట్టే వేళ, ఇంటింటా ఫోన్లు మోగాయి! మా ఇంట్లో నానమ్మ తీసింది.

"నేను ప్రభువు సేవకుణ్ణి, లైల్ హాస్కిన్స్‌ని..." అంటూ రికార్డు చేసిన గొంతు మొదలైంది.

"ప్రభువు సేవకుడివైతే ప్రభువు దినం గుర్తు లేదా నాయనా?" అని నానమ్మ ఆ రికార్డునే నిలదీసింది. అది ఆగకుండా వాగుతూనే ఉంటే, "చూశావా గెరిట్, పెద్దావిడ మాట్లాడుతుంటే వినే మర్యాద కూడా లేదు వీడికి," అని ఫోను పెట్టేసింది.

నేను మంచం మీదే ఎగిరి గంతేశాను! ఇంతకంటే ఏం కావాలి? భక్తుడు ఆదివారం పని చేయించాడు! నా ప్రసంగం మొత్తం చించేసి మళ్ళీ రాసుకున్నాను.

సరే, మళ్ళీ హాల్లోకి. ముందు హాస్కిన్స్ తరఫున కెల్విన్ రోజెబూమ్ మాస్టారు లేచారు. మా ఊరి పిల్లలందరికీ బైబిలు చెప్పిన మనిషి.

"నా క్లాసులో చివరి బల్ల మీద నిద్రపోయిన పిల్ల ఇవాళ నాకు ఎదురు మాట్లాడబోతోంది," అన్నారు నా వైపు చూసి. "అప్పుడే లేపాల్సింది."

హాలు గొల్లుమంది. మాస్టారు బాగా మాట్లాడారు, కాదనను. మనిషికి లోపల దేవుడి భయం లేకపోతే ఎంత తెలివైనా దేశాన్ని సంతలో పెట్టేస్తాడు అన్నారు. చాలా తలలు ఊగాయి.

వెర్లిన్ తాతయ్య చెయ్యెత్తాడు. "అంతా బాగుంది గానీ కెల్విన్, ఆయన తన జన్మలో ఎవరికైనా జీతాలిచ్చాడా?"

"చర్చి గుమాస్తాకి ఇచ్చాడు."

"అది కానుకల డబ్బు కదటయ్యా! మన డబ్బు మనకే ఇస్తే వ్యాపారమా?"

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మీదే నేను లేచాను. నోరు రైలే! టాలివర్ మొదటి కొట్టు గురించి చెప్పాను, నష్టమొచ్చిన ఏడాది ఒక్కణ్ణి కూడా పని మాన్పించకుండా తన ఇల్లు అమ్ముకున్న సంగతి చెప్పాను. "ఆయన కూడా చర్చికి వెళ్తాడు, కాకపోతే మైకు పట్టుకుని వెళ్ళడు," అన్నాను. ఆఖర్న నా అస్త్రం తీశాను.

"పోయిన ఆదివారం మధ్యాహ్నం మీలో ఎంతమందికి నిద్ర చెడింది?"

చేతులే చేతులు! ముందు వరసలో నానమ్మ రెండు చేతులూ ఎత్తేసింది.

"మన విశ్వాసం కాపాడతానన్న మనిషి మన ఆదివారాన్నే కాపాడలేకపోయాడు!"

చప్పట్లు! మా వాళ్ళు చప్పట్లు కొట్టడం అంటే మాటలా? పెళ్ళిళ్ళలో కూడా చూసి చూసి కొడతారు. బ్రేడీ పక్కనుంచి బొటనవేలు చూపించాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. గెలిచేశాను అనుకున్నాను.

అప్పుడు నాన్న లేచాడు.

ఆయన సభల్లో నోరు విప్పే మనిషి కాదు. టోపీ రెండు చేతుల్తో పట్టుకుని, ఊళ్ళో వేరే ఎవరి పిల్లనో అడిగినట్టు అడిగాడు.

"నాదొక ప్రశ్న. ఆ టాలివర్ గారి దుకాణాలు ఆదివారం తెరుస్తారా?"

జవాబు నాకు తెలుసు. నెల కిందట నేనే బ్రేడీని అడిగాను, చెప్పింది అతనే. ఇప్పుడు ఆ బ్రేడీయే పెదాలు కదపకుండా, "తెలీదను. కనుక్కుని చెబుతానను. అంతే చాలు," అని గొణిగాడు.

తెలీదు అంటే ఎవరు పట్టుకుంటారు? ఓట్లు ఇంకాసేపట్లో అయిపోతాయి. తెలీదు అంటే హాలు నాది, నాన్న ఓటు కూడా నాదే కావచ్చు. నాన్న వైపు చూశాను. ఆయన మొహంలో కోపం లేదు, పోనీలే అన్న జాలి కూడా లేదు. పాడైన మిషను తెచ్చినవాణ్ణి ఏమైంది అని అడిగేటప్పుడు ఎలా చూస్తాడో అలాగే చూస్తున్నాడు.

"తెరుస్తారు నాన్నా," అన్నాను.

బ్రేడీ వైపు చూడకుండా మిగతాది కూడా చెప్పేశాను.

"అన్ని ఊళ్ళలోనూ తెరుస్తారు. చర్చికి వెళ్తామని ముందు అడిగిన వాళ్ళని పనికి రమ్మనరు, అది నిజం. కానీ కొట్టు తెరిచే ఉంటుంది. నాకిది ముందే తెలుసు. ఫోన్ల సంగతి ఎత్తినప్పుడే ఇదీ చెప్పాల్సింది."

"సరే," అని నాన్న కూర్చున్నాడు. అంతే! నానమ్మ చేతి సంచిలోంచి పిప్పర్‌మెంటు బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. చర్చిలో ప్రసంగం బరువెక్కినప్పుడు ఆవిడ చేసే పని అది. వెనక నుంచి ఎవరో పెద్దగా నిట్టూర్చారు. బ్రేడీ కళ్ళు మూసుకున్నాడు.

కెల్విన్ మాస్టారు లేచారు. ఇక నన్ను ఉతికి ఆరేస్తారనుకున్నాను. ఆరేసినా నేననగలిగింది ఏముంది?

"ఫోన్ల గురించి అమ్మాయి అన్నది నిజమే," అన్నారాయన. "మా ఆఫీసు వాళ్ళకి ఆ సాయంత్రమే ఫోను చేసి తిట్టబోయాను. తీరా నంబరు నొక్కబోతే అదీ ఆదివారమేనని గుర్తొచ్చింది. సోమవారం తిట్టాను."

హాలు పైకప్పు లేచిపోయేలా నవ్వింది. వెర్లిన్ తాతయ్య కళ్ళు తుడుచుకుంటూ, "అయితే ఇద్దరికీ మచ్చ ఉంది, ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇక చీటీలు పంచండి, కాఫీ చల్లారిపోతోంది!" అని అరిచాడు.

బకెట్ వరసల మధ్య తిరిగింది. అందరి ముందూ చీటీలు ఒక్కొక్కటే విప్పి పేరు పైకి చదివారు. హాస్కిన్స్, టాలివర్, టాలివర్, హాస్కిన్స్... ఆఖరికి నాలుగంటే నాలుగు ఓట్ల తేడాతో మేం ఓడిపోయాం.

నాలుగు! ఇద్దరు ఓటర్లు మనసు మార్చుకుని ఉంటే అభ్యర్థులిద్దరూ సమానం!

బ్రేడీ బ్యానరు చుడుతూ, "ఒక్క మాట. తెలీదు అన్న ఒక్క మాట అంటే సరిపోయేది," అన్నాడు. పాపం, కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక.

"ఆ మాట అంటే రేపట్నుంచి ఈ ఊళ్ళో నేను చెప్పింది ఎవరూ నమ్మరు బ్రేడీ. నువ్వు డెమోయిన్ వెళ్ళిపోతావు. ఎక్కడ చదివినా మళ్ళీ ఇక్కడికే రావాల్సింది నేను."

కుర్చీలు మడిచేటప్పుడు మాస్టారు నా వరసకే వచ్చారు. ఇద్దరం చెరో వైపు నుంచి మడుచుకుంటూ వచ్చాం. ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు, అందరూ కలిసే మడిచారు, మిగిలిన బన్నులు అందరూ కలిసే పంచుకున్నారు. దేశంలో ఎక్కడెక్కడి టీవీ వాళ్ళో మా గురించి ఆ రోజు ఏవేవో అన్నారట, చర్చి వాళ్ళు గొర్రెల్లా వేస్తారని కూడా. వాళ్ళు ఒక్కసారి మా హాల్లో కూర్చుని ఉంటే తెలిసేది!

తిరుగుదారిలో ట్రక్కులో ముగ్గురం. అమ్మ ఆ రోజు ఆసుపత్రి డ్యూటీలో ఉంది. నాన్న తోలుతున్నాడు, నానమ్మ మధ్యలో, నేను కిటికీ పక్కన.

"నీ మనిషికి వెయ్యలేదు," అన్నాడు నాన్న.

"తెలుసు."

"ముప్పై ఏళ్ళుగా ఆదివారం తలుపు తియ్యనివాణ్ణి. తీసేవాడికి వేస్తే వెర్లిన్ మొహం ఎలా చూడను? ఆ వానకి తడిసినవి ఆయన గింజలు."

నేను కిటికీ వైపు నుంచి ఆయన వైపు తిరిగాను.

"మరి ఇంట్లో అడగొచ్చు కదా నాన్నా? అందరి ముందూ ఎందుకు?"

"ఇంట్లో అడిగితే అది ఇంటి మాట. ఓటు ఊరిది."

"నేను మాత్రం వేశాను," అంది నానమ్మ ఉన్నట్టుండి.

నాన్న బ్రేకు మీద కాలేసినంత పని చేశాడు. "ఎవరికి? టాలివర్‌కా? అమ్మా, నువ్వా!"

"ఏం? ఆయన నన్ను నిద్ర లేపలేదు."

నవ్వు ఆపుకోలేక కిటికీకి తల ఆనించాను. అద్దం మీద నా ఊపిరికి తెల్లటి పొర పట్టింది. ఇంటి దీపం దూరంగా కనబడుతోంది. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"నాన్నా, ఎలా మాట్లాడాను?"

ఆయన మలుపు తిప్పాడు, గేరు మార్చాడు, మా గేటు ముందు ట్రక్కు ఆపాడు. చేతులు స్టీరింగు మీదే ఉంచి ముందుకే చూస్తూ అన్నాడు.

"పర్లేదు."

నానమ్మ గబుక్కున ఆయన మోచెయ్యి మీద ఒక్కటి వేసింది.

"అంతలా పొగడకురా గెరిట్, పిల్ల చెడిపోతుంది!"